కల్పిత లోకంలో కాలగణనం

ఒక రచయిత తన కథకోసం కొత్త లోకాన్నే కల్పించాడనుకుందాం. అక్కడి కొండలు, నదులు, రాజ్యాలు, భాషలు అన్నీ అతని ఇష్టం. అటువంటివాడు ఆ లోకానికి పంచాంగం కూడ తయారు చేయదలచుకుంటే సంవత్సరానికి ఎన్ని రోజులు పెడతాడు? 360 పెడితే ఎంతో హాయి. నెలకు 30 రోజుల చొప్పున 12 నెలలు సరిపోతాయి. మిగులు లేదు, తరుగు లేదు. లీపు సంవత్సరం బెడద లేదు. అధికమాసం ఊసే రాదు.

ఇంత సులభమైన మార్గం ఎదుట ఉండగా, దానిని కాదని కష్టమైన లెక్కను కావాలని నెత్తికెత్తుకున్న రచయిత ఒకడున్నాడు. అతడు జె. ఆర్. ఆర్. టోల్కీన్ (1892–1973). ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీనాంగ్ల భాషకు ఆచార్యుడుగా పనిచేసినవాడు. ఆయన వ్రాసిన ‘ది హాబిట్’ 1937లోను, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సంపుటాలుగా 1954–55లోను వెలువడినవి. ఈ మూడవ సంపుటం చివర ఒక అనుబంధమంతా కల్పిత జాతుల పంచాంగాలను వివరించడానికే కేటాయింపబడింది. కథ చదివి పుస్తకం మూసివేసేవారు ఆ పుటలను సాధారణంగా తిరగవేయరు. కాని లెక్కలపై మక్కువగలవారికి అందులో మంచి పాఠమే దొరుకుతుంది.

సూర్యుడు పెట్టిన చిక్కు

టోల్కీన్ తన కథను వేరే గ్రహంమీద నడపలేదు. అది మన భూమిమీదనే, మిక్కిలి పూర్వకాలంలో జరిగినట్లు ఊహించాడు. కాబట్టి అక్కడి సూర్యుడు మన సూర్యుడే, అక్కడి సంవత్సరం మన సంవత్సరమే. దాని పొడవు 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 46 సెకండ్లని ఆయన స్పష్టంగా పేర్కొన్నాడు. క్రీ.శ. 1900 ప్రాంతానికి ఖగోళశాస్త్రజ్ఞులు లెక్కకట్టిన సాయన సంవత్సరం విలువ కూడ ఇదే. సాయన సంవత్సరమంటే సూర్యుడు ఒక వసంత విషువత్తు నుండి మరల వసంత విషువత్తుకు చేరడానికి పట్టే కాలం. ఋతువులు ఈ సంవత్సరాన్ని అనుసరించే తిరుగుతుంటాయి.

పంచాంగం చేసేవారి ఇబ్బంది అంతా ఆ 365 పైనున్న ముక్కతోనే. దానిని లెక్కలోనికి తీసుకోకుండా ప్రతి సంవత్సరానికి 365 రోజులే పెట్టినట్లయితే నాలుగేండ్లలో పంచాంగం ఋతువులకంటే ఇంచుమించు ఒక రోజు ముందుకు పోతుంది. 120 ఏండ్లలో ఈ తేడా 29 రోజులవుతుంది. ప్రాచీన ఈజిప్టులో పౌర సంవత్సరం సరిగా ఇటువంటిదే. నెలకు 30 రోజుల చొప్పున 12 నెలలు, చివర 5 రోజులు. అందుచేత వారి నెలలు శతాబ్దాల తరబడి ఋతువులన్నింటి మీదుగా సంచారం చేసినవి. తాత కాలంలో విత్తులు చల్లే నెల, మునిమనుమల కాలానికి మరొక పని చేసుకొనే నెల అయ్యేది.

పండుగ ఋతువును విడిచిపోతే దానికి పేరు మిగులుతుంది, అర్థం మిగలదు. కోతల పండుగ కోతలనాడే రావాలి. టోల్కీన్ కల్పించిన జాతులన్నీ ఎదుర్కొన్న సమస్య ఇదే. ఒక్కొక్క జాతి దానికి ఒక్కొక్క పరిష్కారం కనుగొన్నది.

హాబిట్ల సంవత్సరం

మొదట హాబిట్లను చూద్దాం. వీరు రెండు నుండి నాలుగడుగుల ఎత్తు ఉండే పొట్టిజనం. సేద్యం, తోటపని, విందులు వీరికి ప్రియం. షైర్ అనేది వీరి సీమ. వీరి సంవత్సరంలో 12 నెలలు, నెల ఒక్కింటికి సరిగా 30 రోజులు. వెరసి 360. మిగిలిన ఐదు రోజులను ఏ నెలలోను చేర్చకుండా విడిగా ఉంచారు. వాటిలో రెండు రోజులు నడిచలికాలంలో వచ్చే ‘యూల్’ దినాలు. ఒకటి సంవత్సరానికి చివరి రోజు, రెండవది కొత్త సంవత్సరానికి మొదటి రోజు. మిగిలిన మూడు నడివేసవిలో, ఆరవ నెలకు ఏడవ నెలకు మధ్య వస్తాయి. మొదటి లైద్, మధ్యదినం, రెండవ లైద్ అని వీటి పేర్లు. మధ్యదినం ఇంచుమించు సూర్యుడు మిక్కిలి ఉత్తరంగా ఉండే రోజుకు, అనగా మన జూన్ 21వ తేదీ ప్రాంతానికి సరిపోయేటట్లు ఏర్పాటు చేయబడింది.

లెక్కకు లొంగని రోజులను హాబిట్లు పండుగలుగా చేసుకున్నారన్నమాట. నెలలో చేరని రోజున పని ఎందుకు చేయాలి? ఈ ఐదు రోజులే వారికి ప్రధానమైన సెలవులు, విందుల రోజులు. లైద్ సమయంలో వైట్ డౌన్స్ అనే గుట్టల మీద పెద్ద సంత జరుగుతుంది. ఏడేండ్లకొకసారి ఆ సంతలోనే నగరాధ్యక్షుని ఎన్నుకుంటారు. నాలుగేండ్లకొకసారి మధ్యదినం తరువాత ఓవర్‌లైద్ అనే అదనపు రోజు వస్తుంది. ఆనాటి సంబరం మరింత ఎక్కువ. శతాబ్దపు చివరి సంవత్సరంలో మాత్రం ఈ అదనపు రోజు ఉండదు.

ఈ పేర్లు టోల్కీన్ ఊహించి పెట్టినవి కావు. క్రీ.శ. 725లో బీడ్ అనే ఆంగ్ల సన్యాసి కాలగణనను గురించి లాటిన్ భాషలో ఒక గ్రంథం వ్రాశాడు. క్రైస్తవమతం రాకముందు తన జాతివారు వాడిన నెలల పేర్లు అందులో ఉన్నవి. చలికాలపు రెండు నెలలకు ‘గెయోల’ అని, వేసవిలోని రెండు నెలలకు ‘లీథ’ అని పేర్లు. యూల్, లైద్ అనే మాటలు వీటికి నేటి రూపాలు. ఆ జనులు చంద్రుని బట్టి నెలలు లెక్కించేవారు. కాబట్టి కొన్ని సంవత్సరాలలో పదమూడవ నెల ఒకటి చేర్చవలసి వచ్చేది. దానిని వేసవిలో మూడవ లీథగా చేర్చేవారని, అటువంటి సంవత్సరాన్ని ‘మూడు లీథల సంవత్సరం’ అని పిలిచేవారని బీడ్ వ్రాశాడు. అధిక శ్రావణమని, నిజ శ్రావణమని రెండు శ్రావణాలను లెక్కించే తెలుగువారికి ఇది వింతగా తోచదు. నాటి అధికమాసాన్నే టోల్కీన్ ఒక అధికదినంగా కుదించి, అదే స్థానంలో నిలిపాడు.

లేని శుక్రవారం

హాబిట్లు చేసిన మరొక చమత్కారమున్నది. 365ను 7 చేత భాగిస్తే 52 వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది. అందుచేతనే ఒక ఏడు బుధవారం నాడు వచ్చిన తేదీ మరుసటి ఏడు గురువారం నాడు వస్తుంది. లీపు దినం మధ్యలో వస్తే శుక్రవారానికి దాటుతుంది. ఇది హాబిట్లకు చికాకు కలిగించింది. అందుచేత మధ్యదినానికి వారం పేరు తీసివేశారు. ఓవర్‌లైద్‌కు కూడ అంతే. అవి నెలలోను లేవు, వారంలోను లేవు. ఇక మిగిలినవి 364 రోజులు, అనగా సరిగా 52 వారాలు. ప్రతి సంవత్సరం వారంలో మొదటి రోజున ప్రారంభమై చివరి రోజున ముగుస్తుంది. ఒక్కసారి అచ్చువేసిన క్యాలెండరు ఎన్నటికీ పాతబడదు.

వారి వారంలో మొదటి రోజు మన శనివారానికి, చివరి రోజు శుక్రవారానికి సమానం. దీనిని బట్టి చిన్న లెక్క చేసి చూడవచ్చును. సంవత్సరపు మొదటి రోజైన యూల్ శనివారం. కాబట్టి మొదటి నెల ఆదివారం మొదలవుతుంది. నెలకు 30 రోజులు, అనగా నాలుగు వారాల రెండు రోజులు. కాబట్టి ప్రతి నెల వెనుకటి నెలకంటే రెండు వారాలు దాటి మొదలవుతుంది. ఆదివారం, మంగళవారం, గురువారం, శనివారం, సోమవారం, బుధవారం, ఇట్లు ఆరు నెలలు గడుస్తాయి. ఆరవ నెల గురువారం ముగియగా మొదటి లైద్ శుక్రవారం వస్తుంది. మధ్యదినానికి వారం లేదు. రెండవ లైద్ శనివారం. కాబట్టి ఏడవ నెల మరల ఆదివారమే మొదలై వెనుకటి వరుసే సాగుతుంది. పన్నెండు నెలలలో ఒక్కటి కూడ శుక్రవారం నాడు ప్రారంభం కాదు. అందుచేత హాబిట్లు ఎన్నడూ జరగని పనిని ‘ఒకటవ తేదీ శుక్రవారం నాడు’ జరుగుతుందని హాస్యమాడేవారట. కుందేటి కొమ్మువంటి రోజన్నమాట.

ఇదే సమస్య ఐక్యరాజ్యసమితిలో

ఇది కథలోని వినోదమే అనుకోరాదు. సరిగా ఈ పుస్తకం అచ్చవుతున్న రోజులలోనే ఇటువంటి పంచాంగం ఐక్యరాజ్యసమితి ఎదుట చర్చకు వచ్చింది. ‘ప్రపంచ పంచాంగం’ అని దానికి పేరు. 1930లో అమెరికాలో ఎలిజబెత్ ఆకెలిస్ అనే మహిళ స్థాపించిన సంఘం దీనిని ప్రచారం చేసింది. ఇందులో సంవత్సరం నాలుగు సమాన భాగాలు. ఒక్కొక్క భాగంలో 31, 30, 30 రోజుల నెలలు మూడు. మొత్తం 91 రోజులు, అనగా 13 వారాలు. నాలుగు భాగాలకు 364 రోజులు. మిగిలిన ఒక రోజు డిసెంబరు 30 తరువాత వస్తుంది. దానికి వారం పేరు లేదు. లీపు దినం జూన్ 30 తరువాత వస్తుంది. దానికీ వారం పేరు లేదు. హాబిట్ల ఓవర్‌లైద్ కూడ ఆరవ నెల దాటిన తరువాతనే వస్తుందని పాఠకులు గమనించే ఉంటారు.

1953లో ఈ ప్రతిపాదనను ఐక్యరాజ్యసమితి ఆర్థిక సాంఘిక మండలి ముందుంచినది భారత ప్రభుత్వమే. ప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు మేఘనాద్ సాహా 1954లో జెనీవాకు వెళ్లి దీనిని సమర్థించాడు. గణితం దృష్ట్యా ఆక్షేపింపదగిన లోపం ఇందులో లేదు. ఆక్షేపణ మరొకవైపు నుండి వచ్చింది. ఏడు రోజుల వారం వేల ఏండ్లుగా ఎక్కడా తెగకుండా వస్తున్నది. ప్రతి ఏడవ రోజును పవిత్రంగా పాటించే యూదులకు, అనేక క్రైస్తవ శాఖలవారికి పేరులేని రోజు ఒకటి మధ్యలో చేరితే చిక్కు వస్తుంది. వారి అసలు విశ్రాంతి దినం ఒక ఏడు శనివారమైతే మరుసటి ఏడు శుక్రవారమని పిలువబడుతుంది. 1955లో అమెరికా ప్రభుత్వం ఈ మార్పును వ్యతిరేకించింది. 1956లో మండలి ఈ చర్చను నిరవధికంగా వాయిదా వేసింది.

హాబిట్లకు ఈ చిక్కు ఎందుకు రాలేదు? వారి శుక్రవారం మధ్యాహ్నం నుండి సెలవు, సాయంత్రం విందు. అంతేకాని ఆనాడు ఆరాధన లేదు. విందును ఒక రోజు జరుపవచ్చును. ఆరాధనను జరుపడం అంత సులభం కాదు.

ఎల్ఫుల ఆరు ఋతువులు

ఎల్ఫులనే జాతికి మరణం లేదు. వేల ఏండ్లు జీవించేవారికి మన సంవత్సరం చిన్న కొలత. అందుచేత వారు 144 సంవత్సరాలను ఒక ‘యేన్’గా లెక్కించారు. వారు ఆరులతోను పన్నెండులతోను లెక్కపెడతారు. వారి వారానికి ఆరు రోజులే. వారి దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది.

సంవత్సరాన్ని వారు నెలలుగా కాక ఆరు ఋతువులుగా విభజించారు. వసంతం, వేసవి, ఫలకాలం, ఆకురాలు కాలం, శీతకాలం, తిరిగి చిగురించే కాలం అని వాటిని తెలుగులో చెప్పవచ్చును. మన ఋతువులు కూడ ఆరే. మనకు ఒక్కొక్క ఋతువుకు రెండు నెలల చొప్పున సమానమైన పంపకం. ఎల్ఫులు మాత్రం వేసవికి, శీతకాలానికి 72 రోజుల చొప్పున, మిగిలిన నాలుగింటికి 54 రోజుల చొప్పున ఇచ్చారు. మొత్తం 360. సంవత్సరం మొదటి రోజు, చివరి రోజు, ఫలకాలం ముగిసి ఆకురాలు కాలం మొదలయ్యేముందు మూడు ‘నడిమి దినాలు’ కలిసి మిగిలిన ఐదు రోజులు పూర్తి అవుతాయి. వారి ఉగాది మన మార్చి చివరి వారంలో వస్తుంది.

ఇక పావు రోజు సంగతి. ఎల్ఫులకు తొందర లేదు. నాలుగేండ్లకొక రోజు చేర్చడానికి బదులు పన్నెండేండ్లు ఆగి ఆ మూడు నడిమి దినాలను ఒక్కసారే రెట్టింపు చేస్తారు. సగటున సంవత్సరం 365.25 రోజులు అవుతుంది. ఇది కొంచెం ఎక్కువ. అందుచేత ప్రతి మూడవ యేన్ చివరి సంవత్సరంలో, అనగా 432 ఏండ్లకొకసారి, ఈ రెట్టింపును మానివేస్తారు. 432 ఏండ్లలో 108 రోజులు చేరవలసి ఉండగా మూడు తగ్గి 105 చేరుతాయి. సగటు సంవత్సరం 365.24306 రోజులు. నిజమైన విలువ 365.24219. ఒక రోజు తేడా రావడానికి సుమారు 1150 ఏండ్లు పడుతుంది. నేడు మనం వాడే గ్రెగోరియన్ పంచాంగం 400 ఏండ్లలో 97 రోజులు చేరుస్తుంది. దానిలో ఒక రోజు తేడా సుమారు 3200 ఏండ్లకు వస్తుంది. అంతకుముందు యూరపులో వాడిన జూలియన్ పంచాంగంలో 128 ఏండ్లకే వచ్చేది. 1582లో పదిరోజులు ఒక్కసారిగా తీసివేయవలసి వచ్చింది అందుకే.

వేయేండ్లకు మిగిలిన గంటలు

నూమెనోర్ అనే ద్వీపంలోని మానవులు ఇంకా నిశితంగా లెక్కించారు. నాలుగేండ్లకొక రోజు చేర్చి, శతాబ్దం చివరి ఏట మానివేశారు. అనగా వేయేండ్లలో 250 రోజులకు బదులు 240 రోజులే చేరుతాయి. ఈ పద్ధతిలో ఏటికి 5 గంటల 45 నిమిషాల 36 సెకండ్లు మాత్రమే లెక్కకు వస్తాయి. కావలసినది 5 గంటల 48 నిమిషాల 46 సెకండ్లు. కొరత ఏటికి 3 నిమిషాల 10 సెకండ్లు, అనగా 190 సెకండ్లు. వేయేండ్లకు 1,90,000 సెకండ్లు. రోజుకు 86,400 సెకండ్లు కాబట్టి ఇది రెండు రోజులు పోగా 17,200 సెకండ్లు. వేయవ సంవత్సరంలో ఆ రెండు రోజులను చేర్చివేసేవారు. అప్పటికీ 4 గంటల 46 నిమిషాల 40 సెకండ్లు మిగిలిపోతాయి. టోల్కీన్ ఈ సంఖ్యనే సెకండ్లతో సహా అనుబంధంలో వ్రాశాడు. ఈ మిగులు ఒక రోజుగా పెరగడానికి ఇంచుమించు ఐదువేల ఏండ్లు పడుతుంది. అనగా కల్పిత ద్వీపవాసుల పంచాంగం మన పంచాంగం కంటే మెరుగైనది.

తరువాతి కాలంలో గోండోర్ రాజ్యంలో మహాశత్రువు పతనమైన మార్చి 25వ తేదీని సంవత్సరాదిగా నిర్ణయించారు. ఈ తేదీకి కూడ చరిత్రలో ఆధారమున్నది. ఇంగ్లండులో 1751 వరకు చట్టరీత్యా కొత్త సంవత్సరం మార్చి 25నే మొదలయ్యేది. కథానాయకుడైన ఫ్రోడో పుట్టినరోజును కూడ ఆ రాజ్యంలో పండుగ చేశారు. లీపు సంవత్సరంలో అదే పండుగను రెండు రోజులు జరిపి పావు రోజుల బాకీ తీర్చుకున్నారు.

మరుగుజ్జుల ఉగాది

కొండగుహలలో నివసించే మరుగుజ్జులు చంద్రుని నమ్ముకున్నారు. శరత్కాలపు చివరి చాంద్రమాసంలో మొదటి రోజు వారికి సంవత్సరాది. ఆనాడు సూర్యుడు, నెలవంక ఒకేసారి ఆకాశంలో కనబడితే దానిని ‘డ్యూరిన్ దినం’ అంటారు. అటువంటి రోజు మరల ఎప్పుడు వస్తుందో ముందుగా లెక్కకట్టే నేర్పు తమలో నశించిందని ‘ది హాబిట్’లో వారి నాయకుడు ఒప్పుకుంటాడు.

ఇది నిజంగా కష్టమైన లెక్కే. అమావాస్యనాడు చంద్రుడు సూర్యునికి మిక్కిలి చేరువలో ఉండి కనబడడు. రోజుకు సుమారు 12 డిగ్రీల చొప్పున తూర్పుకు జరుగుతాడు. సూర్యునికి కనీసం ఏడెనిమిది డిగ్రీల దూరం జరిగేవరకు సన్నని నెలవంక కంటికి ఆనదు. సాధారణంగా సూర్యుడు అస్తమించి వెలుగు కొంత తగ్గిన తరువాతనే అది కనబడుతుంది. సూర్యుడు ఇంకా అంచున ఉండగానే దానిని చూడడం అరుదు. చంద్రుని వయస్సు, చూచేవారి స్థానం, గాలిలోని ధూళి, అన్నీ అనుకూలించాలి. ఇస్లామీయ మాసం ప్రారంభానికి నెలవంకను వెదకేవారికి ఈ కష్టం బాగా తెలుసు.

మరొక సంగతి కూడ ఆలోచింపదగినది. చాంద్రమాసం 29.53 రోజులు. పన్నెండు మాసాలకు 354 రోజులు మాత్రమే. సౌర సంవత్సరం కంటే 11 రోజులు తక్కువ. మరుగుజ్జుల సంవత్సరాది శరత్కాలాన్ని దాటకుండా ఉండాలంటే కొన్ని సంవత్సరాలలో 13 మాసాలు రాక తప్పదు. మన చైత్రశుద్ధ పాడ్యమి మార్చి రెండవ పక్షం నుండి ఏప్రిల్ నడిమివరకు ఊగిసలాడుతూ కూడ వసంతాన్ని విడువకపోవడానికి అధికమాసమే కారణం. టోల్కీన్ ఈ సంగతి విప్పి చెప్పలేదు. కాని ఆయన పెట్టిన నియమంలోనే అది ఇమిడి ఉన్నది.

చంద్రుని విషయంలో ఆయన ఎంత జాగ్రత్తపడ్డాడో తెలిపే ఒక నిదర్శనమున్నది. 1944 మే నెలలో కుమారునికి వ్రాసిన లేఖలో, తన కథలోని చంద్రుడు అసంభవమైన పనులు చేస్తున్నాడని, ఒకచోట ఉదయిస్తూ అదే సమయంలో మరొకచోట అస్తమిస్తున్నాడని చెప్పుకున్నాడు. వెనుకటి ప్రకరణాలలో ఆ భాగాలను దిద్దడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టిందట.

పండుగ ఏ లెక్కను అనుసరించాలి?

ఇంత శ్రమ ఎందుకు? కల్పిత లోకంలో ఎన్ని వింతలైనా ఉండవచ్చును. కాని పండుగ నమ్మదగినదిగా ఉండాలంటే దాని వెనుక ఋతువు ఉండాలి, ఋతువు వెనుక సూర్యుడుండాలి.

ఈ ప్రశ్న మనకు కూడ చెందినదే. మకర సంక్రాంతి ఉత్తరాయణ పుణ్యకాలం. కాని సూర్యుడు నిజంగా ఉత్తరదిశకు మరలేది డిసెంబరు 21 లేక 22న. సంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో వస్తున్నది. సూర్యసిద్ధాంతం ప్రకారం సంవత్సరం 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 37 సెకండ్లు. సూర్యుడు నక్షత్రాలను బట్టి చేసే చుట్టును ఈ విలువ ఉద్దేశిస్తుంది. అది ఋతువుల సంవత్సరం కంటే ఇంచుమించు 24 నిమిషాలు ఎక్కువ. 60 ఏండ్లలో ఇది ఒక రోజవుతుంది. సుమారు 1400 ఏండ్లలో 23 రోజులు పేరుకున్నవి. లెక్క ఇట్లే సాగితే మరి 1800 ఏండ్లకు ఇంకొక నెల తొలగిపోతుంది. అప్పుడు ధాన్యం ఇంటికి చేరి ఎన్నాళ్లో గడచిన తరువాత గొబ్బెమ్మలు పెట్టవలసి వస్తుంది.

1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం సాహా అధ్యక్షతన ఈ విషయాన్ని పరిశీలించి 1955లో నివేదిక సమర్పించింది. దాని ఫలితంగా ఋతువులను అనుసరించే జాతీయ పంచాంగం 1957 మార్చి 22న అమలులోనికి వచ్చింది. ప్రభుత్వపు కాగితాలలో అది చోటు చేసుకున్నది. పండుగలు మాత్రం పాత లెక్కలనే అనుసరిస్తున్నవి. నక్షత్రాలను బట్టి జరుపుకొనే పండుగను ఋతువుకోసం కదిలించడానికి జనులకు మనస్కరించలేదు. ఐక్యరాజ్యసమితిలో వారం తెగడానికి ఒప్పుకోనివారి మనస్సు కూడ ఇటువంటిదే.

ఆకాశం ఇచ్చే సంఖ్యలు ఎవరి ఇష్టాయిష్టాలను లెక్కచేయవు. సంవత్సరంలో రోజులు సమంగా తెగవు, మాసంలోను తెగవు. ఆ మిగులును ఎక్కడ ఉంచాలి, దానిని పనిదినం చేయాలా, పండుగ చేయాలా అనే నిర్ణయం మాత్రం మనుష్యులది. హాబిట్లు దానిని నడివేసవిలో ఉంచి విందు చేసుకున్నారు. ఎల్ఫులు పన్నెండేండ్లు దాచి ఒక్కసారి ఖర్చు పెట్టారు. మనం ఫిబ్రవరి చివర ఒక రోజు అతికించి, మరునాడు యథాప్రకారం పనికి పోతున్నాము.